ఏనుగొండ ఇల్లు ముందు సుగుణవ్వకు, తర్వాత ఇద్దరికీ

మహబూబ్‌నగర్ పట్టణం ఏనుగొండలో నివాసముంటున్న, కీర్తిశేషులు శ్రీశైలం గారి భార్యను, డిగ్రీ కళాశాలలో సమాజశాస్త్రం చెప్పే అధ్యాపకురాలిని, యాభై నాలుగేళ్ల మంజులత అనే నేను, నా తదనంతరం నావి అనుకున్నవి ఎవరికి ఎట్లా చెందాలో తెలియజేస్తూ నా చేతితో నేనే రాసుకున్న వీలునామా ఇది.

పూర్తి తెలివిలో ఉండి రాస్తున్నాను. రాయమని నన్ను ఎవరూ ఒత్తిడి పెట్టలేదు, బతిమాలలేదు, అసలు అడగనే లేదు. నా చిత్తం స్థిరంగా ఉన్నదని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఆయన రెండు మూడు ప్రశ్నలు వేసి సంతకం పెట్టాడు. ఇంకొకటి వేసి ఉంటే, స్థిరంగా ఉండటమే కాదు, నాలుగేళ్లుగా అది అసలు కదలడం లేదని కూడా చెప్పేదాన్ని.

నా కడుపులో గడ్డ ఉన్నది. వచ్చే నెలలో హైదరాబాదులో ఆపరేషన్. ఆ మాట డాక్టర్లు చెప్పిన రోజు బస్సు దిగి, కూరగాయలు కొనుక్కొని ఇంటికి వచ్చి సొరకాయ వండాను. ఉప్పు సరిపోయింది. ఆపరేషన్ తర్వాత నేను ఉంటే ఈ కాగితం బీరువాలో ఉంటుంది. లేకపోతే నా స్నేహితురాలు, మా కళాశాలలోనే ఇంగ్లీషు చెప్పే గ్రేస్, దీన్ని తీసి ఇందులో రాసినట్టు జరిపిస్తుంది. ఆమెను నా అమలుకర్తగా నియమిస్తున్నాను. ఆమె ఒప్పుకున్నది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు కాబట్టి రద్దు చేయవలసింది ఏదీ లేదు.

1. మనుషులు

ఇందులో వచ్చే మనుషులు నాకు ఏమవుతారో ముందే రాస్తున్నాను. తర్వాత ఎవరూ వాదులాడుకోకూడదు.

హరిత నా కన్నకూతురు, వయసు ఇరవై నాలుగు. అచ్చంపేటలో ఒక బడిలో బయాలజీ టీచర్. ఆమె అయిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆమె కన్నతండ్రి రోడ్డు ప్రమాదంలో పోయాడు.

ప్రవీణ్ నా భర్త శ్రీశైలం మొదటి భార్య బాలమణికి పుట్టిన కొడుకు, వయసు ఇరవై ఏడు. పాలిటెక్నిక్ చదివి జడ్చర్లలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. అక్కడే కిరాయికి ఉంటాడు. చట్ట ప్రకారం అతను నా సంతానం కాడు.

సుగుణమ్మ చనిపోయిన బాలమణికి తల్లి, ప్రవీణ్‌కు అమ్మమ్మ. ఎనభైకి దగ్గర పడింది. ఒక్కతే బిడ్డ, ఆ బిడ్డ కామెర్లతో పోయింది. మనుమణ్ణి పెంచడానికి కోస్గి నుంచి వచ్చి అల్లుడి ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు నాతో ఉంటున్నది. ఆమెకూ నాకూ రక్తంలోగానీ చట్టంలోగానీ ఏ సంబంధమూ లేదు. రెండో భార్య, చనిపోయిన భార్య తల్లికి బిడ్డ వరస అవుతుందని మా దిక్కు అంటారు. అననైతే అన్నారు. ఆమె నన్ను ఈనాటికీ పంతులమ్మ అనే పిలుస్తుంది. నేను పిల్లలతోపాటు సుగుణవ్వా అంటాను.

2. వెండి బిళ్ల

2014 నవంబరులో శ్రీశైలం గారితో నా పెళ్లి జరిగింది. కొత్త రాష్ట్రం వచ్చిన సంవత్సరం. ఆయనకు మహబూబ్‌నగర్‌లో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉండేది. మా ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టి చేసుకున్న పెళ్లి కాదు. ఆయన ఇంట్లో ఆడదిక్కు ముసలిది. నా ఇంట్లో మగదిక్కు లేదు. ఇద్దరం ఆ సంగతి దాచుకోలేదు.

పెళ్లిరోజు ఆయన అక్క, అంటే నా పెద్ద ఆడబిడ్డ, చనిపోయిన భార్య పేరిట రెండో భార్య మెడలో వేసే వెండి బిళ్లను తాడుకు గుచ్చి నా మెడలో వేసింది. వేసి, "బాలమణి సల్లగ సూస్తది తియ్, దాన్ని మర్వకు" అన్నది. ఆమె పోతూపోతూ బాలమణి ఇత్తడి బిందెలు రెండు ఆటోలో వేసుకొని పోయింది. ఆ ఆడబిడ్డకు ఈ వీలునామాలో ఏమీ లేదు. బిందెలు ఆమెకే ఉండనివ్వండి.

ఆ బిళ్లను నేను పదకొండేళ్లుగా తీయలేదు. బాలమణి మీద నాకు కోపం లేదు, భయమూ లేదు. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలితే ఈమె కూడా ఇంట్లో ఒక మనిషి అనుకునేదాన్ని. నా శరీరం మీది నుంచి దాన్ని తీసిన తర్వాత సుగుణమ్మ చేతికి ఇవ్వాలి. అది ఆమె బిడ్డది.

3. ఇంట్లో కుదిరిన ఒప్పందం

ఇల్లు ఎవరికి అన్నది రాయబోయే ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో రాయక తప్పదు. అది తెలియకపోతే నా నిర్ణయం పిచ్చిపనిలా కనిపిస్తుంది.

నేను పిల్లలకు చెప్పే పాఠాల్లో సామాజిక వినిమయ సిద్ధాంతం అని ఒకటి ఉన్నది. మనుషులు ఒకరికొకరు ఏదో ఇచ్చుకుంటూ ఏదో పుచ్చుకుంటూ ఉంటారు. ఇచ్చేదానికన్నా వచ్చేది ఎక్కువ అనిపించినన్నాళ్లు కలిసి ఉంటారు, తక్కువ అనిపిస్తే కొట్లాడతారు, వేరే దారి కనిపిస్తే పోతారు. వేరే దారి లేనివాళ్లు ఓర్చుకుంటారు. ఆ ఓర్పును బయటివాళ్లు సఖ్యత అనుకుంటారు. క్లుప్తంగా పాఠం ఇంతే.

పెళ్లయిన మొదటి ఏడాది మా ఇల్లు ఆ పాఠానికి ఉదాహరణగా ఉండేది. పదహారేళ్ల ప్రవీణ్ నేను వండింది తినేవాడు కాదు. సుగుణమ్మ వేరే పొయ్యి మీద వాడికి జొన్నరొట్టె చేసేది. పదమూడేళ్ల హరిత స్నానాల గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకొని బయటికి వచ్చేది కాదు. శ్రీశైలం గారిని అంకుల్ అనేది. ఒకరోజు ప్రవీణ్ ఆమె పుస్తకాల సంచిని వాకిట్లోకి విసిరి, "గిది మా అమ్మ కూసునే జాగ" అన్నాడు. నేను అతనికి ఏం చేసినా అతను నన్ను తల్లితో పోల్చి చూసేవాడు. చనిపోయిన మనిషి ఇక తిట్టదు, కొట్టదు, పని చెప్పదు. ఆమె దగ్గర మిగిలేదంతా మంచే. ఆ పోలికలో బతికున్నవాళ్లు ఎవరూ గెలవరు.

నేను ఎవరినీ ప్రేమించమని అడగలేదు. ఇచ్చిపుచ్చుకోమన్నాను. హరిత బొమ్మలు బాగా గీస్తుంది. ప్రవీణ్‌కు రికార్డులో మిషన్ల బొమ్మలు గీయడం రాదు. ఆమె అతని బొమ్మలు గీసి పెట్టింది, అతను ఆమెకు స్కూటీ నేర్పాడు. సుగుణమ్మకు సూదిలో దారం ఎక్కించడం, టీవీలో కింద పోయే అక్షరాలు చదివి చెప్పడం హరిత పని. అందుకు బదులు సుగుణమ్మ ఆదివారం ఆదివారం హరిత తలకు నూనె పెట్టేది. పెడుతూ, "మా బాలమణికి గిసుంటి ఎంటికలు లేకుండె" అని సణిగేది. అది మెప్పో ఏడుపో మాకు తెలిసేది కాదు. నేను ప్రవీణ్‌కు లెక్కల్లో సాయం చేశాను. అతను వాళ్ల బాపు ఎదుట నన్ను చిన్నమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత బాపు లేనప్పుడు కూడా పిలిచాడు.

2016లో ఏనుగొండలో ఇల్లు కట్టుకున్నాం. జాగా నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. పైన కట్టింది ఆయన. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మొదలైనప్పటి నుంచి దాదాపు ఆరేళ్లు ఎవరికీ ఎవరి మీదా బాకీ లేకుండా గడిచాయి. నా ఇల్లును నేను పాఠంలో ఉదాహరణగా చెప్పలేదుగానీ, చెప్పవచ్చని అనుకున్న రోజులు ఉన్నాయి.

4. కోస్గి పొలం

కోస్గిలో శ్రీశైలం గారి పేర ఉన్న మూడెకరాల చెలకలో భార్యగా నాకు వచ్చిన భాగాన్ని 2022లోనే ప్రవీణ్ పేర రాసి ఇచ్చాను. ఆ భూమి మీద నాకుగానీ హరితకుగానీ ఏ హక్కూ లేదు. అక్కడ కంది పండుతుంది. ఈ క్లాజు అంతటితో సమాప్తం.

5. సిలిండరు

2021 మే నెలలో శ్రీశైలం గారికీ హరితకూ ఒకే వారంలో కరోనా వచ్చింది. పట్టణంలో ఎక్కడా మంచం దొరకలేదు. అడగని చోటు లేదు. ఇద్దరినీ ముందుగదిలో ఎదురెదురు గోడలకు పడుకోబెట్టాం. ప్రవీణ్, షాపులో పనిచేసే ఎల్లేష్, ఇద్దరూ ట్రాలీ ఆటో తీసుకొని ఆక్సిజన్ కోసం పోయారు. షాద్‌నగర్ దాటి ఎక్కడో ఎండలో వరుసలో నిలబడి మధ్యాహ్నానికి ఒక సిలిండరు తెచ్చారు. ఒక్కటే దొరికింది.

ప్రవీణ్ తానే గొట్టం బిగించి వాళ్ల బాపుకు మాస్కు పెట్టాడు. కాసేపటికి ఆయన ముఖం తేరుకున్నది. తేరుకొని ఎదుటి గోడవైపు చూశాడు. హరిత పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. ఇద్దరికీ కొంతసేపు కొంతసేపు మార్చి పెట్టాల్సిందని తర్వాత చాలామంది అన్నారు. మార్చి చూశాం. తీసిన ప్రతిసారీ హరిత కళ్లు పైకి పోయేవి. ఆయన వంతు మళ్లీ వచ్చినప్పుడు ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నాకద్దు. పిల్లకు పెట్టుర్రి" అన్నాడు.

ప్రవీణ్ ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చొని, "బాపూ, నీ కోసం తెచ్చిన. పొద్దటిసంది ఎండల నిలవడి నీ కోసం తెచ్చిన" అన్నాడు. ఆయన ఆయాసంలోనే, "నా కోసం తెచ్చినవంటే అది నాదే గద బిడ్డా. నాదైతే నాకిష్టమున్నోళ్లకు ఇస్త" అన్నాడు. ప్రవీణ్ నా వైపు తిరిగి, "చిన్నమ్మా, నువ్వన్న చెప్పు" అన్నాడు.

నేను మాస్కును హరితకు పెట్టాను. అతను చూస్తుండగానే పెట్టాను. ఆ చెయ్యి నాదే. ఈ సంగతిని దేవుడి మీదగానీ ఆయన మాట మీదగానీ తోసేయడం లేదు. మళ్లీ ఆ మధ్యాహ్నం వస్తే నా చెయ్యి మళ్లీ అటే పోతుంది. ఈ వీలునామాలో ఏ క్లాజు కూడా దానికి పరిహారం కాదని స్పష్టంగా రాస్తున్నాను.

ప్రవీణ్ ఎల్లేష్‌ను తీసుకొని ఇంకో సిలిండరు కోసం పోయాడు. మరునాడు పొద్దున శ్రీశైలం గారు చాయ అడిగాడు. సుగుణమ్మ పెట్టి ఇచ్చింది. సగం తాగి, "చక్కెర ఎక్కువైంది అత్తమ్మా" అన్నాడు. అవే ఆఖరి మాటలు. పొద్దు నడినెత్తికి రాకముందే పోయాడు. ప్రవీణ్ ఆటో గేటు దగ్గర ఆగేసరికి చాలా ఆలస్యమైంది. అతను లోపలికి వచ్చి చూసి, బయటికి పోయి, తెచ్చిన రెండో సిలిండరును తానే దించి వాకిట్లో నిలబెట్టాడు. "గిది గూడ మీ బిడ్డకే పెట్టుకోర్రి" అన్నాడు.

పెట్టుకున్నాం. ఆమెకు ఇంకా అవసరం ఉండింది.

ఆ రోజు నుంచి అతను నన్ను మీరు అంటున్నాడు. ఎవరైనా వింటే గౌరవం అనుకుంటారు.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందని కొన్ని నెలలు ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడటం కూడా మానేశాను. కాలేజీకి పోయాను, పాఠాలు చెప్పాను, పేపర్లు దిద్దాను. దుఃఖం ఎట్లా ఉంటుందో నాకు పుస్తకంలో తెలుసు. నాకు ఉన్నది అది కాదు. చలికాలం పొద్దున నల్లా కింద చెయ్యి పెట్టి ఉంచితే కాసేపటికి అది మన చెయ్యి కాకుండా పోతుంది చూడండి, అట్లాంటిది.

6. బదులు

ఇచ్చినదానికి తిరిగి ఏదో ఒకటి ఇవ్వగలిగితేనే మనిషి ఇచ్చినవాళ్ల ఎదుట నిలబడగలడు. ఇవ్వలేకపోతే వాళ్ల కింద పడి ఉంటాడు, లేదంటే మొఖం చాటేస్తాడు. దీన్ని నేను బోర్డు మీద బాణం గుర్తులతో వేసి చూపించేదాన్ని. తిరిగి ఇవ్వడానికి వీలే లేనిది ఇస్తే ఆ బాణం ఎటు గీయాలన్నది పుస్తకంలో లేదు.

హరితకు జరిగింది నేను చెప్పలేదు. మంచం దిగిన తర్వాత ఒక ఆదివారం తలకు నూనె పెడుతూ సుగుణమ్మ చెప్పింది. "నీకే పెట్టుమన్నడు మా అల్లుడు. పట్టువట్టిండు" అన్నది. హరిత లేచి, సగం నూనె తలతోనే బయటికి పోయింది. మళ్లీ ఆమె దగ్గర తల పెట్టి కూర్చోలేదు.

అప్పటి నుంచి నా బిడ్డ బదులు ఇవ్వాలని చూస్తూనే ఉన్నది. సుగుణమ్మ కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి వచ్చి తానే తిప్పింది. ప్రవీణ్‌కు తెలిసి ఎల్లేష్‌తో కబురు పంపాడు: "మా అవ్వను నేను చూస్కుంట. ఎవరి ఉపకారం అద్దు." ఇంటి మీద తనకు ఏ హక్కూ వద్దు, అంతా ప్రవీణ్‌కే అని హరిత ఒక కాగితం రాసి సంతకం పెట్టి సుగుణమ్మ చేత అతనికి ఇప్పించింది. అతను గేటు దగ్గరే చింపి, ముసలామెతో "ఇంటితోని బాపు వస్తడా" అన్నాడు. సంబంధాలు వస్తే, అతని పెళ్లి అయ్యేదాకా నేను చేసుకోనని కూర్చున్నది. బాకీ ఉన్నవాళ్లు కొత్తబట్టలు కట్టకూడదన్నట్టు ఉంటుంది ఆమె వాలకం.

అతను ఆదివారాలు వస్తాడు. లోపలికి రాడు. గేటు బయట బండి మీద కూర్చుంటాడు. సుగుణమ్మ కుర్చీ లాక్కొని పోయి గేటు లోపల కూర్చుంటుంది. ఇద్దరూ కమ్మీల మధ్య నుంచి మాట్లాడుకుంటారు. నేను మంచినీళ్లు పంపితే ఆమె అందిస్తుంది, అతను తాగడు, ఆమె తాగి చెంబు తెస్తుంది. హరిత అతను రాని వారాల్లో వస్తుంది.

బాపు పోయిన తర్వాత ప్రవీణ్ అమ్మమ్మను జడ్చర్ల రమ్మన్నాడు. ఆమె పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే, "నా పింఛన్ గీడనే వస్తది" అన్నది. పింఛను ఎక్కడికైనా మార్చుకోవచ్చని చెప్పాను. "మార్సుకుంట తియ్" అన్నది. నాలుగేళ్లయింది. ఇప్పటికీ నా కూరకు వంక పెడుతుంది. నాకు జ్వరం వస్తే నా గది గడప మీద కూర్చొని మెంతులు ఏరుకుంటుంది. లోపలికి రాదు, లేచి పోదు.

ఇంకొకటి రాయాలి. హరితను బతికించిన సిలిండర్లు రెండూ మోసుకొచ్చింది ప్రవీణే. రెండోదాన్ని కోపంతో ఇచ్చాడుగానీ ఇచ్చాడు, వెనక్కి తీసుకొని పోలేదు. ఆ పూట అది ఇవ్వకపోతే ఆమె ఉండేది కాదు. ఈ మాట మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ నోటితో అనలేదు. అతని బాపు ఇచ్చాడనే అందరం చెప్పుకున్నాం. ప్రవీణ్, నువ్వు ఇచ్చావు. నేను చూశాను. దీనికి నా దగ్గర బదులు లేదు.

7. ఇల్లు

ఏనుగొండలో తూర్పు వాకిలి గల, ముందు రెండు జామచెట్లు గల, నా పేరిట ఉన్న ఇంటి గురించి.

మొత్తం ప్రవీణ్‌కు రాయవచ్చు. రాస్తే అది వాళ్ల బాపు ప్రాణానికి వెల కట్టినట్టు ఉంటుంది. అతను తీసుకోడు, తీసుకుంటే ఇంకా అధ్వాన్నం. మొత్తం హరితకు రాయవచ్చు, కన్నకూతురు కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ ముందుగదిలో ఆమె బతికింది తన ఒక్కదాని బలంతో కాదు. చెరి సగం రాయమని అడ్వకేట్ సలహా. చెరి సగం రాస్తే ఇద్దరూ ఒకరోజు రిజిస్ట్రార్ ఆఫీసులో ఎడముఖం పెడముఖంగా నిలబడి అమ్మేసి, డబ్బులు పంచుకొని, జన్మలో మళ్లీ కలవరు. లెక్క తేలుతుంది. లెక్క తేలడం తప్ప ఇంకేమీ మిగలదు.

కాబట్టి నా నిర్ణయం ఇది. నా తర్వాత ఆ ఇంట్లో ఉండే హక్కు, జీవితకాలం, సుగుణమ్మది. ఆమె బతికున్నంతకాలం ఆ ఇంటిని అమ్మడానికి, కుదువ పెట్టడానికి, ఆమెను అందులోంచి కదిలించడానికి ఎవరికీ అధికారం లేదు. ఆమె నాకు ఏమీ కాదు కాబట్టే ఆమెకు ఇస్తున్నాను. ఆమె నుంచి నాకు రావలసిందీ, నేను ఆమెకు తీర్చవలసిందీ ఏదీ లేదు. ఆ ఇంట్లో అట్లాంటి మనిషి ఆమె ఒక్కతే.

ఆమె తర్వాత ఆ ఇల్లు హరిత, ప్రవీణ్‌లిద్దరికీ పంచకుండా చెందుతుంది. పై భాగం ఒకరికి, కింది భాగం ఒకరికి అని రాయడం లేదు. తలుపుకు ఒకటే తాళం ఉన్నది. అప్పటికి అమ్ముకోవాలనిపిస్తే అమ్ముకోండి. నేను ఆపను.

ఈలోపు ముసలామెకు మందులు తేవాలి, ఇంటి పన్ను కట్టాలి, వానాకాలం స్లాబు మీద నీళ్లు నిలిస్తే తూము తీయాలి. ఇది హరిత వంతు, ఇది ప్రవీణ్ వంతు అని నేను విడదీయడం లేదు. ఎవరికి తెలిస్తే వాళ్లు చేయండి. చేసినవాళ్లు చేశామని రెండోవాళ్లకు చెప్పవద్దు. ఇది షరతు కాదు, మాట మాత్రమే. షరతులు పెట్టి ఆరేళ్లు ఇల్లు నడిపాను. చాలు.

8. మిగిలినవి

ఉద్యోగం తాలూకు వచ్చేవాటికి నామినీ హరిత. అది మార్చలేదు.

శ్రీశైలం గారి బండి ఎల్లేష్‌కు ఇవ్వాలి. షాపు ప్రవీణ్‌దే అయినా ఇన్నాళ్లు నిలబెట్టింది ఎల్లేష్. ఆయన అంత్యక్రియలకు మనుషులు రావడానికి భయపడిన రోజున ఎల్లేష్ వచ్చి పాడె పట్టాడు.

స్టాఫ్‌రూములో నేను కప్పుకునే బూడిద రంగు శాలువా గ్రేస్‌కు. ఇన్నేళ్లుగా అడిగి కప్పుకొని తిరిగి ఇస్తున్నది. ఇక ఇవ్వనక్కర్లేదు.

నా పుస్తకాలు కళాశాలకు. తీసుకోకపోతే పాత పేపర్లవాడికి.

గద్వాల చీరలు రెండు. ఒకటి నాది, ఎరుపు అంచుది, హరితకు. రెండోది బాలమణిది. నేను ఇంట్లో అడుగుపెట్టినప్పుడు బీరువాలో ఉండింది. నేను కట్టలేదు, ఏటా ఎండలో వేసి మడత మార్చి పెట్టాను. అది ప్రవీణ్‌కు పెళ్లయితే అతని భార్యకు. ఇచ్చేటప్పుడు నా పేరు చెప్పవద్దు, వాళ్ల అత్తదని చెప్పండి.

హరితకు ఇంకొక మాట. శ్రీశైలం గారిని చివరిదాకా అంకుల్ అనే పిలిచావని నువ్వు బాధపడుతున్నావని నాకు తెలుసు. ఆయన ఒకసారి షాపులో ఎవరో అడిగితే, "నా బిడ్డ నన్ను అంకుల్ అంటది, ఏం చేస్తం, ఇంగ్లీష్ మీడియం" అన్నాడట. నవ్వుతూనే అన్నాడట. ఎల్లేష్ చెప్పాడు.

9. కర్మ

నన్ను కోస్గికి తీసుకొనిపోవద్దు. ఇక్కడే కానివ్వండి. తలకొరివి ఎవరు పెట్టాలన్నది నేను రాయను. హరిత పెడితే, ఆడపిల్ల అని ఎవరూ అడ్డం రాకూడదు. ప్రవీణ్ వస్తే రానివ్వండి. రాకపోతే కబురు మీద కబురు పంపి పిలవవద్దు. పదకొండో రోజు మంది భోజనాలు వద్దు. సుగుణమ్మకు ఆ రోజు జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసి పెట్టండి. ఉల్లిగడ్డ ఎక్కువ వేస్తేనే తింటుంది.

10. చివరిగా

ఆపరేషనుకు రక్తం కావాలన్నారు. ఏ గ్రూపువాళ్లు ఇచ్చినా సరే, రక్తనిధి లెక్కకు రక్తం జమ అయితే మనకు కావలసింది ఇస్తామన్నారు. అది అక్కడి పద్ధతి. హరితకు చెప్పాను. ప్రవీణ్‌కు నేను చెప్పలేదు. సుగుణమ్మ గేటు దగ్గర చెప్పినట్టుంది.

మొన్న సోమవారం హరితను తోడు తీసుకొని గ్రేస్ రక్తనిధికి పోయింది. అప్పటికే ప్రవీణ్ అక్కడ బెంచీ మీద కూర్చొని ఉన్నాడట. ఒకరినొకరు చూసుకొని పలకరించుకోలేదట. హరితకు రక్తం తక్కువగా ఉన్నదని తీసుకోలేదు. వెనక్కి పంపారు. ప్రవీణ్ దగ్గర తీసుకున్నారు. తీసుకున్నాక వాళ్లు ఇచ్చే పళ్లరసం, బిస్కెట్ల పొట్లం అతని చేతికి ఇచ్చారు. అతను రసం తాగి, బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్న హరిత పక్కన నిలబడ్డాడు. పొట్లం ఆమె ఒడిలో వేసి, "తిను. మొఖమంత పీక్కపోయింది" అన్నాడు. ఆమె తల ఎత్తేలోపల బండి తీసుకొని పోయాడు. నాలుగేళ్లలో అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట ఇది.

గ్రేస్ ఇదంతా చెబుతూ కళ్లు తుడుచుకున్నది. నేను తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఏమీ రాలేదు. కానీ విన్నాను. రెండోసారి చెప్పమని అడిగి కూడా విన్నాను.

ఇప్పుడు నా ఒంట్లోకి ఎక్కబోయేది అతని లెక్కలో జమైన రక్తం. దీన్ని దేనికి బదులుగా రాయాలో నాకు తెలియదు. రాయడం లేదు. ఆ బిస్కెట్లకు నువ్వేమిచ్చావని హరితను నేను అడగలేదు. తిన్నదా అని గ్రేస్‌ను అడిగాను. మెట్ల మీదే కూర్చొని పొట్లం ఖాళీ అయ్యేదాకా తిన్నదని చెప్పింది.

పైన రాసినదంతా నేను రాసి, చదువుకొని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: 24 అక్టోబరు 2025
స్థలం: మహబూబ్‌నగర్

(సంతకం) మంజులత

సాక్షులు:
1. అమరేందర్, పక్కింటి నివాసి, ఏనుగొండ
2. నవీన్‌కుమార్, పైన పేర్కొన్న సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు, మహబూబ్‌నగర్